నాలుగో అంకె మొక్కు

కొండకోనలందు కొలువైన మజ్జిగౌ
రమ్మ, నిన్నుఁ దలఁతు రక్ష సేయ;
గెలుపు నోటములనుఁ గినుక లేకను జూచు
తల్లి, యట్టి చూపు దయ నొసంగు.

రాయగడ పురాన్ని కనుసన్నల కాచే ఆ జగజ్జననికి తల వంచి, ఆమె సన్నిధిలో ఒక నిష్ఠాపరుడు మొక్కరాని మొక్కు మొక్కి, తీర్చలేక తీర్చిన వృత్తాంతాన్ని చెప్పబూనుతున్నాను. సావధానంగా వినండి.

తెలుగు నేల సరిహద్దు దాటగానే ఉన్న రాయగడ పెద్ద బజారులో చింతపండు, ఎండుమిరప టోకు వ్యాపారం చేసే చంద్రశేఖరం పూర్వులు బొబ్బిలి ప్రాంతం నుంచి వచ్చి స్థిరపడినవారు. తెల్లవారకముందే స్నానం చేసి, సూర్యునికి అర్ఘ్యమిచ్చి, స్తోత్రపాఠం ముగించనిదే ఆయన కొట్టు తాళం ముట్టుకోడు. తప్పుడు తూకం తూయడు. అబద్ధమాడడు. కొట్టులో కూలివానిని సైతం పరుషంగా పిలవడు. అటువంటి మనిషికి లోకంలో ఒకే ఒక వ్యసనం ఉంది. అది కబడ్డీ. చైత్ర పర్వం ముగిశాక రాయగడలో ఏటా జరిగే పోటీలో తమ ఊరి జట్టు బరిలో ఉన్నంతసేపూ, భుజాన ఎర్ర తువాలు వేసుకొని కూర్చునే ఆయన జపమాల సంచిలోనే ఉండిపోతుంది. పెదవులు మాత్రం కదులుతూనే ఉంటాయి.

రాయగడకు చిరకాల ప్రత్యర్థి కోరాపుట్ జట్టు. విచిత్రమేమంటే, ఆ పరాయి జట్టులోనే ఆయనకు ప్రాణసమానుడు ఒకడున్నాడు, కంట్లో నలుసు ఒకడున్నాడు.

ప్రాణసమానుడి పేరు మనోరంజన్. లమ్తపుట్ కొండల్లో చోళ్ళు, అంటే రాగులు, పండించే ఇంటివాడు. సన్నని మనిషి. అతడు కూతకు వెళితే ఊపిరి ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో ఎవరికీ తెలియదు. ఆ ఒక్క మాట అతని నోట స్వరం తప్పని వేదపాఠంలా సాగిపోయేది. ముట్టుకున్నవాణ్ణి వెక్కిరించడు, పోతూ పోతూ వాడి భుజం తట్టి మరీ పోతాడు. తమ ఊరి కుర్రవాళ్ళు అతని చేతిలో అవుటైనప్పుడు చంద్రశేఖరం పైకి నిట్టూర్చి, లోలోపల మురిసేవాడు. అతడు నెగ్గితే తన కళ్ళకు పండుగ, ఓడితే ఊరికి పండుగ. పరాయివాణ్ణి ప్రేమించడంలో ఇంత సుఖముందని ఆయనకు ఆ ఆట వల్లనే తెలిసింది.

రెండోవాడు బిశ్వజిత్. బరి మూలన నిలిచి కాళ్ళు పట్టేవాడు. మెడ ఉన్నదో లేదో తెలియని దేహం. వాడికి చీలమండ చిక్కిందంటే ఇక విడిపించుకోవడం ఉండదు. పడగొట్టినవాడి పక్కనే నిలబడి తొడ చరుస్తాడు. నోట్లో నానిన గుట్కా గీత అవతల ఉమ్ముతాడు. రెండేళ్ళ కిందట రాయగడ నాయకుడు జగన్ను నేల కరిపించి, అతని ఛాతీ మీద మోకాలు ఆనించి, జనం వైపు తిరిగి నవ్వాడు. ఆ నవ్వు చంద్రశేఖరం గుండెలో ముల్లులా దిగింది. ధ్యానంలో కూర్చున్నప్పుడు కూడా ఒక్కొక్కసారి ఇష్టదైవానికి ముందు ఆ నవ్వే కనిపించేది.

కొట్టు అరుగు మీద రోజూ వచ్చి కూర్చునే సన్యాసయ్య, మునిసిపాలిటీలో నీళ్ళ పంపుల పని చేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడు, ఆయనను ఆట పట్టించకుండా లేచేవాడు కాదు.

"ఏటి సావుకారు, ఆ లమ్తపుట్టోడు కూతకొస్తే మీ మొకం ఎలిగిపోతాది. మనోడు అవుటైపోతే ఎవలైనా అలా నవ్వుతారేటి?"

"నేను నవ్వలేదు."

"మీరు నవ్వనేదు గానీ మీ మీసం నవ్వింది. నేను సూసేను."

"ఆటని ఆటలా సూడాలి సన్యాసయ్యా. ఆ అబ్బాయి ఊపిరి సూసేవా? అది సాధన."

"మరి ఆ రెండోవోడిదో? ఉడుం పట్టు. అదీ సాధనే గదా."

"వాడి మాట పొద్దున్నే ఎత్తకు. దేవుడి దగ్గర దీపం ఇంకా ఎలుగుతోంది."

"దీపానికి లేని కోపం మీకెందుకు సావుకారు," అని సన్యాసయ్య బీడీ ముట్టించుకున్నాడు.

ఆ పోటీకి ఒక పాత ఆనవాయితీ ఉంది. చివరి ఆటకు వచ్చిన పొరుగు జట్టు, మన నేల మీద పాత బట్టలతో ఆడకూడదని, వారికి కొత్త బనీన్లు ఊరి వర్తకులు కుట్టించి ఇస్తారు. ఈ ఏడు కోరాపుట్ జట్టుకు బట్టలు పెట్టే వంతు చంద్రశేఖరానిది. దర్జీ గిరీష్ కొలతలు అడిగాడు. ఆటగాళ్ళందరినీ ఏళ్ళ తరబడి చూసినవాడు గనుక ఆయన కళ్ళు మూసుకునే చెప్పగలిగాడు. తొమ్మిదో అంకె మనోరంజన్‌ది దగ్గరకు వచ్చేసరికి గొంతు మెత్తబడింది.

"ఆ అబ్బాయికి చంకల దగ్గర బిగుతు ఉండకూడదు. ఊపిరి ఆడాలి. వదులుగా కుట్టు. ఇంకా వదులుగా."

"మరి నాలుగో అంకె, బాబూ?"

"ఏదో ఒకటి కుట్టు."

"ఏదో ఒకటంటే ఎంత సైజు?"

"మనిషి సైజే. ఏనుక్కి కుట్టమన్నానేటి?" అని ఆయన దర్జీ చేతిలోని టేపు లాగి పక్కన పడేశాడు. ఆ దేహాన్ని మనసులో తలచుకోవడం సైతం ఆయనకు గిట్టలేదు. గిరీష్ మారుమాటాడక నలుగురికీ సరిపడే కొలతనే వేశాడు.

చివరి ఆట రేపనగా, ఆ మునిమాపు వేళ చంద్రశేఖరం మజ్జి గౌరమ్మ గుడికి వెళ్ళాడు. జాతర రద్దీ తగ్గింది. దీపాల నూనె వాసన, నలిగిన పూల వాసన కలిసి గాలిలో నిలిచాయి. ఆయన కళ్ళు మూసుకున్నాడు. తల్లి రూపం రాలేదు. ఆ నవ్వు వచ్చింది. అప్పుడు ఆయన నోటి నుంచి మొక్కు వెలువడింది.

ఆయనకు చిన్ననాడు తల్లి నేర్పిన నియమం ఒకటుంది. పగవాడి పేరు అమ్మవారి దీపం ఎదుట పలకకూడదు. పేరు విన్నదంటే ఆ తల్లి వాణ్ణి కూడా తన బిడ్డల్లో కలుపుకొని కాపాడుతుంది. అందుచేత ఆయన పేరు చెప్పలేదు.

"అమ్మా, రేపటి ఆటలో ఆ జట్టున నాలుగో అంకె తొడిగినవాడి కాలు నిలవనీయకు. నా ఇంటి ఇల్లాలి చేత నీకు ముర్రాట పోయిస్తాను."

ముర్రాట అంటే పసుపు కలిపిన నీళ్ళలో వేపమండలు ముంచిన కడవ. ఇల్లాలు దాన్ని నెత్తిన పెట్టుకొని నడిచి వచ్చి తల్లి పాదాల చెంత కుమ్మరిస్తుంది. వారి ఇంటి ఆచారం ప్రకారం ఆ కడవ ఒంపే ముందు మొక్కుకున్నవాడు తాను అడిగినదేమిటో, పొందినదేమిటో పైకి చెప్పాలి. నోరు విప్పక తీర్చిన మొక్కు తీరినట్టు కాదు.

ఇంటికి వచ్చాక భార్య ప్రసన్నలక్ష్మితో, "ముర్రాట మొక్కేను," అన్నాడు.

"ఊరు గెలవాలనా?"

"ఊఁ," అన్నాడాయన. అబద్ధమాడని మనిషి, ఆ వెంటనే కాళ్ళు కడుక్కునే నెపంతో పెరట్లోకి వెళ్ళిపోయాడు.

మరునాడు ఎండ చల్లబడ్డాక ఆట మొదలైంది. రెండు జట్లూ జనానికి ఎదురుగా వరుసలో నిలిచి నమస్కరించాయి. కొత్త బనీన్లు ఎరుపు రంగులో మెరుస్తున్నాయి. అంకెలు వీపు మీదనే ఉన్నాయి గనుక ఎవరిది ఏదో కనిపించలేదు. కోరాపుట్ కూతకు మనోరంజన్ లేచాడు. మధ్యగీతను వంగి తాకి కళ్ళకద్దుకొని, అవతలి బరిలోకి తిరిగాడు. అతని వీపు మీద నాలుగో అంకె ఉంది.

చంద్రశేఖరానికి ముందు అర్థం కాలేదు. కళ్ళద్దాలు తుడుచుకొని మళ్ళీ చూశాడు. మూలన కాళ్ళు ఎడంగా పెట్టి నిలిచిన బిశ్వజిత్ వీపు మీద తొమ్మిది ఉంది. నిన్నటి మొక్కు ఇప్పుడు ఎవరి మీద ఉందో అప్పుడు ఆయనకు తెలిసింది. చుట్టూ జనం అరుస్తున్నారు. ఆయన చెవులకు మాత్రం ఆ కూత ఒక్కటే వినిపిస్తోంది. ఎప్పటిలాగే అది తెగకుండా, తడబడకుండా సాగుతోంది.

"సన్యాసయ్యా, ఆ బనీను మార్పించాలి."

"బనీను మారిస్తే ఊపిరి మారిపోతాదేటి సావుకారు? కూకోండి. ఎనకోలికి కనబడ్డం నేదు."

అమ్మా, ఇతడు కాదు, అని ఆయన లోపల్లోపల గొణిగాడు. మొక్కును వెనక్కు తీసుకునే మాటలు ఏ శాస్త్రంలోనూ ఆయన చదవలేదు. మనోరంజన్ పోయాడు, వచ్చాడు. మళ్ళీ పోయాడు, వచ్చాడు. ఏమీ కాలేదు. తల్లికి అంకెలతో పని ఏమిటి, ఆమె మనసులు చూస్తుంది అని ఆయన కాస్త స్థిమితపడ్డాడు.

విరామంలో ఆయన లేచి, జనాన్ని తోసుకుంటూ ఆటగాళ్ళు కూర్చున్న తాడు దాకా వెళ్ళాడు. ఏదో ఒకటి చెప్పాలి. బట్టలు పెట్టినవాణ్ణి నేను, అంకెలు తారుమారయ్యాయి, మార్చుకోండి అంటే చాలు. అక్కడ ముందుగా ఎదురైనవాడు బిశ్వజిత్. నీళ్ళ సీసా ఎత్తి నోట్లో పోసుకుంటున్నవాడు ఆయనను చూసి, మూతి తుడుచుకొని నవ్వాడు. అదే నవ్వు. చంద్రశేఖరం కాళ్ళు ఆగిపోయాయి. ఆ నవ్వు ముందు నిలబడి ఒక ప్రార్థన చేయడానికి ఆయనకు మనసు ఒప్పలేదు. వెనుదిరిగి వచ్చి తన చోట కూర్చున్నాడు.

ఆట ముగియవచ్చే వేళకు రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. మనోరంజన్ కూతకు వచ్చాడు. ఎడమ మూలకు పోయి, అక్కడి నుంచి ఒక్కసారిగా వెనుదిరగబోయాడు. అతణ్ణి ఎవరూ పట్టలేదు. ఎవరి చెయ్యీ అతని దాకా రాలేదు. నేల మీద ఆనిన కుడికాలు, ఆనినచోటనే, మోకాలి దగ్గర పక్కకు ఒరిగిపోయింది. కూత తెగింది. ఆ కూత మధ్యలో తెగడం చంద్రశేఖరం అంతకుముందు ఎన్నడూ వినలేదు.

రాయగడ గెలిచింది. డప్పులు మోగాయి. ఎవరో వచ్చి చంద్రశేఖరాన్ని కౌగిలించుకొని, ఆయన కళ్ళలో నీళ్ళు చూసి, సంతోషం పట్టలేకపోతున్నారు అని నలుగురికీ చెప్పారు.

ఊరేగింపు బజారు దాటక ముందే ఆయన ఆసుపత్రికి వెళ్ళాడు. గది బయట బల్ల మీద బిశ్వజిత్ కూర్చొని ఉన్నాడు. ఇంకా ఆ తొమ్మిదో అంకె బనీనుతోనే ఉన్నాడు. అతడు రాయగడ సంతలో అల్లం అమ్మడానికి వచ్చేవాడు. ఆ పరిచయంతో వచ్చీరాని తెలుగు మాట్లాడతాడు.

"రండి సావుకారు. మిఠాయి తేలేదా? గెలిచేరు గదా."

"ఎలా ఉంది అబ్బాయికి?"

"మోకాలు లోపల నరం తెగింది అంటున్నారు. వైజాగ్ తీసుకుపోవాలంట. నడుస్తాడంట. ఆట మాత్రం లేదంట." బిశ్వజిత్ అరచేతిలో పొగాకు, సున్నం కలిపి నలిపాడు. "వచ్చే నెల పోలీసు సెలక్షన్ ఉండె. ఆటలోళ్ళ కోటా. అది కూడా పోయింది."

చంద్రశేఖరం అతని బనీను వైపు చూపించాడు. "నువ్వు... వాడి అంకె ఎందుకు తొడిగేవు?"

"మీరిచ్చినది నా తల కూడా దాటలేదు. పిచికకి కుట్టించేరేటి? మనోది చూస్తే ఇద్దరు దూరిపోయేంత ఉంది. మార్చుకున్నాం. వాడు నవ్వేడు కూడా. 'సావుకారుకి నామీద ప్రేమ, నీమీద కోపం, బట్టలోనే కుట్టించేడు' అన్నాడు." అతడు లేచి, వరండా చివర ఉమ్మి వచ్చాడు. "నాలుగు నాకు బాగా కలిసొచ్చే నెంబరు. ఆడికి పడలేదు."

అంత దుఃఖంలోనూ ఆ ఉమ్మును చూసి చంద్రశేఖరానికి ఒళ్ళు జలదరించింది. ఆయన గది లోపలికి వెళ్ళలేదు. తలుపు సందు నుంచి తెల్లని కట్టు కట్టిన కాలు మాత్రం చూసి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా ఊళ్ళో ప్రతి ఫోనులోనూ ఆ దృశ్యమే తిరిగింది. కాలు ఒరగడం, మనిషి కూలడం, వెంటనే రాయగడ కుర్రవాళ్ళు గాలిలోకి ఎగరడం. దానికి ఎవరో డప్పుల మోత కూడా జోడించారు. ప్రసన్నలక్ష్మి వంటింట్లో దాన్ని చూసి, "పాపం, ఎవల బిడ్డో," అని ఫోను బోర్లించి, కొత్త కడవకు పసుపు రాయడం మొదలుపెట్టింది.

"మంగళారం ముర్రాట పోసేద్దాం. అమ్మోరు మాట నిలబెట్టింది."

"ఈ మంగళారం వద్దు."

"ఏం?"

"వద్దన్నాను."

మరో మంగళవారం వచ్చింది. ఆయన మళ్ళీ వద్దన్నాడు. స్తోత్రపాఠం కూర్చున్నచోటనే ఆగిపోతోంది. కొట్టులో కూర్చుంటే, బేరానికి వచ్చినవాళ్ళు రెండుసార్లు అడిగితే గాని వినిపించడం లేదు. ఆయన మనసులో సాగుతున్న వాదం ఒక్కటే. అడిగిన సరుకు అందిందని ఒప్పుకుంటేనే గదా ప్రతిఫలం ఇచ్చేది? ముర్రాట పోశానా, ఆ కాలు నేను పుచ్చుకున్నట్టే. పోయనంతకాలం అది నాకు చెందదు. తల్లి ఆగ్రహిస్తే ఆగ్రహించనీ, నా మీదనే పడనీ. జన్మలో ఏనాడూ దైవానికి మాట తప్పని మనిషి, ఆ విధంగా మాట తప్పడానికి నిశ్చయించుకున్నాడు.

కానీ ఇల్లాలు ఊరుకోలేదు. ఒక మధ్యాహ్నం అన్నం వడ్డించి ఎదురుగా కూర్చుంది.

"తీర్సని మొక్కు మొక్కినోడి మీదే పడతాదని ఎవలు సెప్పేరు మీకు? ఇంటి మీద పడతాది. కోడలు సస్మితకి నెలలు నిండుతున్నాయి. ఆ పిల్ల కడుపులో ఉన్నోడు ఏం పాపం సేసేడు?"

చంద్రశేఖరం చేతిలోని ముద్ద తిరిగి విస్తట్లో పెట్టేశాడు. ఆ సంగతి ఆయనకు తట్టలేదు. తన మీద పడుతుందనుకున్న దెబ్బ ఎక్కడ పడుతుందో తన వశంలో లేదని, ఇదివరకే ఒకసారి చూసి కూడా, ఆయన గ్రహించలేదు.

మరునాడు ఉదయం ఆయన కోరాపుట్ రైలెక్కాడు. సొరంగాల్లో చీకటి, వెలుతురు, మళ్ళీ చీకటి. కోరాపుట్‌లో దిగి, జీపులో చోటు సంపాదించి లమ్తపుట్ చేరేసరికి మబ్బు పట్టింది. ఎవరిని అడిగినా మనోరంజన్ ఇల్లు చూపించారు. పెంకుటింటి పంచలో అతడు మంచం మీద కూర్చొని ఉన్నాడు. కాలు చాపి, దిండు మీద పెట్టుకున్నాడు. వైజాగ్‌లో శస్త్రచికిత్స అయింది. అతని తల్లి రాజ్యం పార్వతీపురం వైపు ఆడపడుచు. గిన్నెలో అంబలి కలుపుతున్న ఆమె లేచి నిలబడింది.

"ఎర్ర తువాలు సావుకారు," అన్నాడు మనోరంజన్, ఆశ్చర్యపోతూ. "అమ్మా, నేను సెప్పలేదా? రాయగడ గుంపు మొత్తం నన్ను తిడతంటే ఈయనొక్కడే తలూపేవోరు. కూర్సోండి."

కూర్చోమన్నచోట చంద్రశేఖరం కూర్చోలేకపోయాడు. నిలబడే చెప్పాడు. నవ్వు సంగతి, మొక్కు సంగతి, అంకె సంగతి, విరామంలో తాడు దాకా వచ్చి వెనుదిరిగిన సంగతి అన్నీ చెప్పాడు. రాజ్యం గరిటె గిన్నెలో వదిలేసింది. మనోరంజన్ దిండు మీది కాలిని చేత్తో సర్దుకున్నాడు.

"నన్ను ఎవలూ ముట్టుకోనేదు," అన్నాడు. "పడ్డకాడి నుంచీ అదే ఆలోచన నాకు. ఎవలూ ముట్టుకోకండా కాలెలాగ పోయింది, నేనేటి తప్పు సేసేను అని. ఊరికే పోయిందనుకున్నాను. అడిగి తీసుకున్నారన్నమాట."

"నీ కాలు అడగలేదు నాయనా."

"నా ఈపు మీదున్న నెంబరే గదా అడిగేరు." అతని గొంతులో కోపం లేదు, లేకపోవడమే వినడానికి కష్టంగా ఉంది. "ముర్రాట పోసేసేరా?"

"లేదు. పోయను. పోస్తే నీ కాలు నేను కొనుక్కున్నట్టే."

మనోరంజన్ తల్లి వైపు చూశాడు. ఆమె ముందుకు వచ్చింది. ఆమె మాటలు నెమ్మదిగా, కటువుగా వచ్చాయి.

"అలాగనకండి బాబు. మీరు తీసుకోకపోతే ఆడికేటి తిరిగొస్తాదా? అడిగినోలికీ కాక, పోయినోడికీ కాక, ఆ కాలు అమ్మోరి సేతిలో ఉండిపోతాది. ఆ తల్లి దాన్నొదిలితేగాని ఆడు మళ్ళీ నేల మీద ఆన్సలేడు. ఎల్లి తీర్సెయ్యండి. మీ పున్నెం కోసరం నా బిడ్డ కాలు ఆపకండి."

చంద్రశేఖరం వారాల తరబడి కట్టుకున్న వాదం ఆ పంచలో కుప్పకూలింది. తన చేతులు శుభ్రంగా ఉంచుకోవడానికే తాను మొక్కు ఆపానని, ఆ శుభ్రత ఖరీదు కూడా ఈ మంచం మీదివాడే భరిస్తున్నాడని ఆయనకు తెలిసింది. నమస్కరించబోతే మనోరంజన్ తల తిప్పుకున్నాడు.

"బిశ్వకి సెప్పకండి," అన్నాడు అటువైపే చూస్తూ. "ఆడు మొన్నొచ్చి ఆ బనీను ఇచ్చీసి ఎల్లేడు. తన నెంబరు తగిలే నాకిలాగయిందని నవ్వుతా అంటాడు గానీ, లోపల భయపడతన్నాడు. నిజం తెలిస్తే మళ్ళీ బరిలో దిగడు."

అంబలి తాగి వెళ్ళమని ఎవరూ అనలేదు. ఆయన వచ్చిన దారినే తిరిగి వచ్చాడు.

ఆ మంగళవారం ప్రసన్నలక్ష్మి తడిబట్టలతో ముర్రాట కడవ నెత్తిన పెట్టుకొని బయలుదేరింది. వెనుక చంద్రశేఖరం నడిచాడు. గెలుపు మొక్కు అని తెలిసి సన్యాసయ్య, బజారువాళ్ళు కొందరు డప్పుతో సహా తోడువచ్చారు. గుడి మెట్ల దగ్గర డప్పు ఆగింది. పూజారి హారతి పళ్ళెం పట్టుకొని, "ఏమడిగారు, ఏం పొందారు?" అని ఆచారం ప్రకారం అడిగాడు.

చంద్రశేఖరం చేతులు జోడించాడు. బిశ్వజిత్‌కు తెలియనీయవద్దన్న మాట గుర్తుకు వచ్చింది గానీ, నోరు విప్పక తీర్చిన మొక్కు తీరదు గనుక ఈసారి పేర్లు దాచకుండా, అందరికీ వినబడేటట్టుగానే చెప్పాడు.

"కోరాపుట్ జట్టులో బిశ్వజిత్ కాలు నిలవకూడదని అడిగేను. మనోరంజన్ కాలు పోయింది. అది నేను అడగబట్టే పోయింది. ఒప్పుకుంటున్నాను. మొక్కు తీరుస్తున్నాను. తల్లీ, ఇక ఆ కాలును వదిలిపెట్టు."

డప్పు కొట్టేవాడు తల వంచుకొని తోలు మీద వేళ్ళు ఆన్చుకున్నాడు. ప్రసన్నలక్ష్మి నెత్తిన కడవ ఒక్క క్షణం కదిలింది. వేపాకు నీళ్ళు ఆమె చెంప మీదుగా జారాయి. నెత్తికెత్తుకున్న కడవను మధ్యలో దించకూడదు గనుక ఆమె దించలేదు. వంగి, చివరి చుక్క దాకా పాదాల చెంత ఒంపింది. పసుపు నీళ్ళు రాతి మీద పారి, కాలువలో కలిశాయి. తల్లి ముఖం ఎప్పటిలాగే ఉంది.

తోడు వచ్చినవాళ్ళు ఒకరొకరుగా ముందే వెళ్ళిపోయారు. సన్యాసయ్య చివరిదాకా నిలిచి, "వస్తాను బాబూ," అని మాత్రం అన్నాడు. ఎప్పటిలా 'సావుకారు' అని పిలవలేదు. ఆ తర్వాత చాలా రోజులు కొట్టు అరుగు మీదకు రాలేదు.

మెట్లు దిగేటప్పుడు ఖాళీ కడవ చంద్రశేఖరం చేతిలో ఉంది. సగం దిగాక ప్రసన్నలక్ష్మి ఆగింది.

"ఒక్క మాట అడుగుతాను. అబద్ధం సెప్పకండి."

"అడుగు."

"ఆ రెండోవోడి కాలే పోయుంటే, మీరు అడిగినట్టుగానే జరిగుంటే, ఈ పాటికి మీకు బాధ ఉండేదా?"

చంద్రశేఖరం తన లోపలికి చూసుకున్నాడు. ఆసుపత్రి వరండా గుర్తుకు వచ్చింది. స్నేహితుడి కోసం ఆట బనీను కూడా మార్చకుండా ఆ బల్ల మీద కూర్చున్న మనిషి గుర్తుకు వచ్చాడు. ఆ వెంటనే ఆ ఉమ్ము, ఆ నవ్వు. ఎంత వెదికినా అక్కడ జాలి దొరకలేదు. ఆ మంగళవారమే, మొదటి మంగళవారమే, డప్పులతో వచ్చి సంతోషంగా ముర్రాట పోయించి, బజారంతా ప్రసాదం పంచి, హాయిగా నిద్రపోయేవాణ్ణని ఆయనకు స్పష్టంగా కనిపించింది.

"ఉండేది కాదు ప్రసన్నా," అన్నాడు.

ఆమె ఆయన చేతిలోని కడవ తాను తీసుకొని, చంకన పెట్టుకొని, ఆయన కోసం ఆగకుండా మెట్లు దిగిపోయింది.

ఈ కథ విన్నవారికీ, వినిపించినవారికీ, తెలియక దారిన పోతూ ఒక్క మాట చెవిని వేసుకొన్నవారికీ ఆ కొండతల్లి చల్లని చూపు కలుగు గాక. మీ ఇళ్ళ బిడ్డల కాళ్ళు నేల మీద గట్టిగా నిలుచు గాక. మీకు గిట్టనివారి ఇళ్ళ బిడ్డల కాళ్ళు కూడా అంతే గట్టిగా నిలుచు గాక. ఆ కోరిక కోరుకోగల మనస్సు మనకందరికీ ఆ జనని ప్రసాదించు గాక. స్వస్తి.